అందరికీ ఒకే పుట్టినరోజు

పోయిన వారం అమీనాని మనం ఇమాం సాహెబ్ ఇంటి అరుగు మీద వదిలి వచ్చాం. ఆమె ఒళ్ళో రెండు పాత కాగితాలున్నాయి. ఒకటి ఇమాం సాహెబ్ వృద్ధాప్య పెన్షను కాగితం, రెండోది రత్నకుమారి ఎస్సెస్సెల్సీ పుస్తకం. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి, ఆవిడ శనివారాలు ఉపవాసం ఉండే మనిషి. ఇద్దరికీ వయసులో ఇరవై ఏళ్ళ తేడా. పుట్టినరోజు మాత్రం ఇద్దరికీ నవంబరు తొమ్మిదే. అనుమానం వచ్చి అమీనా ఇంటికి వెళ్ళి, తన బడి టీసీ తీసి చూసుకుంది. అందులోనూ అదే తేదీ.

ఆ సాయంత్రమే ఆమె కబురు పంపింది. తాడేపల్లిగూడెం, ఏలూరు, నల్లజర్ల, చింతలపూడి, ఎక్కడెక్కడ స్థిరపడ్డ బర్మావాళ్ళయినా సరే, పుట్టిన తేదీ ఉన్న పాత కాగితం ఏదుంటే అది ముందుగా తనకి పంపి, మంగళవారం మూడు గడియారాల మేడ దగ్గరికి రమ్మంది. ఎందుకో చెప్పలేదు. చెబితే ముందే అవతలివాళ్ళ చెవిన పడుతుందని ఆమె భయం.

భయం అర్థంలేనిది కాదు. మేడని పడగొట్టి షాపింగు కాంప్లెక్సు కట్టడానికి వెంకట్రాజు అనుమతులన్నీ తెచ్చుకున్నాడు. అరవై నాలుగులో బర్మా నుంచి తరిమేస్తే వచ్చిన తెలుగు కాందిశీకులకి ఈ ప్రాంతంలో మొదటి నీడ ఆ మేడేనని రుజువైతే ప్రభుత్వం దాన్ని చారిత్రక కట్టడంగా రాసుకుంటుంది. రుజువు కాకపోతే పొక్లెయిన్ గేటు దాటుతుంది. అమీనాకి ఇందులో ఇంకొకటి కూడా ఉంది. రంగూన్‌లో దుకాణం అమ్ముకుని వెనకాలే వస్తానన్న తండ్రికి తల్లి పంపిన అడ్రసు ఆ మేడదే. ఆయన రాలేదు, ఉత్తరమూ రాలేదు. తల్లి ఆ గేటు దగ్గర పోస్టుమాన్ కోసం ఎదురు చూసి చూసి పోయింది. మేడ పోతే, తండ్రికి తెలిసిన ఒకే ఒక్క అడ్రసు పోతుంది. యాభై ఏడేళ్ళ మనిషి ఇలా ఆలోచించడం నవ్వులాటగా ఉంటుందని ఆమెకి తెలుసు. అందుకే ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మంగళవారం వచ్చింది.

స్టేషను రోడ్డు మీద మూడు గడియారాల మేడని ఎరగనివాళ్ళు గూడెంలో లేరు. పూర్వం ఒక ధాన్యం షావుకారు కట్టించాడు. నాలుగు పలకల బురుజుకి మూడు వైపులే గడియారాలున్నాయి. పడమటి వైపు పోటీ మిల్లు ఉండేదట. వాడికి ఉచితంగా టైము చూపించేది లేదని షావుకారు ఆ వైపు గోడ బోడిగా వదిలేశాడట. నిజమో అబద్ధమో, ఊళ్ళో మాత్రం అందరూ ఇలాగే చెబుతారు. ఆ గడియారాలకి ముప్ఫై ఏళ్ళు కీ ఇచ్చినవాడు ఇమాం సాహెబ్. ఇప్పుడు ఆయనకి మెట్లెక్కే ఓపిక లేదు. గడియారాలూ నడవడం లేదు.

గేటు పక్కన పసుప్పచ్చ పొక్లెయిన్ ముక్కు నేలకి ఆనించి నిలబడి ఉంది. దాని నీడలోనే షామియానా వేయించాడు వెంకట్రాజు. వచ్చినవాళ్ళందరికీ, తనకి ఎదురు నిలబడ్డవాళ్ళకి కూడా, మజ్జిగ పేకెట్లు తెప్పించాడు. నలభై అయిదేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, మెత్తటి మాట.

"చూశావా అమ్మాయ్," అన్నాడు ఇమాం సాహెబ్ పేకెట్ కొరుక్కుంటూ, "ఇల్లు కూల్చేవాడు కూడా ముందు మజ్జిగ తాగమంటాడు. మన గోదావరి మర్యాద ఎక్కడికీ పోదు."

"తాగు బాబాయ్. మజ్జిగ ఏం తప్పు చేసింది," అంది అమీనా.

ఆమె పరుపులు కుట్టి బతుకుతుంది. దూది ధూళికి ఎప్పుడూ కొంచెం ఎర్రగా ఉండే కళ్ళు, చూపుడువేలి మీద దబ్బనం చేసిన కాయ. ఆ పూట కూడా ఒక పరుపు గుడ్డ చుట్ట చంకలో పెట్టుకుని వచ్చింది. అందులో ఏముందో రత్నకుమారికి ఒక్కదానికే తెలుసు.

పరిశీలనకి వచ్చిన అధికారి పేరు ప్రసన్నలక్ష్మి. హైదరాబాదు నుంచి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. జీపు దిగగానే ఆవిడ బల్ల దగ్గరికి రాలేదు. గోడవారగా నిలబడ్డ ముసలివాళ్ళని ఒకసారి చూసి, వాళ్ళకి కుర్చీలు వేసేదాకా తనూ కూర్చోలేదు. అమీనా అది గమనించింది. ఈ మనిషి మనకి అనుకూలంగా రాస్తుందో లేదో గానీ మన మాట వింటుంది, అనుకుంది.

మేడ రాసి ఉన్నది వెంకట్రాజు తండ్రి బుల్లిరాజు పేరు మీద. ఆయన సంతకం కావాలి కాబట్టి కొల్లేటి లంకలో ఉన్న ఇంటి నుంచి ఆయన్ని కారులో తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి, ఎండకి తట్టుకోలేడని కారులోనే కూర్చోబెట్టారు. అద్దం సగం దించి ఉంది. లోపల తెల్లటి తల ఒకటి కనిపిస్తోంది, అంతే.

ముందు వెంకట్రాజు మాట్లాడాడు. అరవై నాలుగులో బర్మావాళ్ళు వచ్చిన మాట నిజమే గానీ వాళ్ళని దింపింది స్టేషను వెనక రేకుల షెడ్డులోనని, ఈ మేడలో అప్పుడు ధాన్యం బస్తాలుండేవని చెప్పాడు. కాందిశీకుల రిజిస్టరు అనేది ఏదీ లేదని, ఎప్పుడూ లేదని ప్రమాణపత్రం కూడా ఇచ్చాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేకపోయాడు.

"మేడమ్‌గారూ, పోయినేడు వేసవిలో కొల్లేట్లో మా చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళే పేల్చేశారండి. నాలుగు తరాలుగా అక్కడున్నవాళ్ళం. పొద్దున లేచేసరికి చేపా లేదు, చెరువూ లేదు, గట్టు మీద రోడ్డూ లేదు. అప్పుడు మా గట్టుని కాపాడ్డానికి ఏ సంఘమూ రాలేదండి. ఇప్పుడు ఓడెక్కి వచ్చినవాళ్ళు నాలుగు రోజులు తలదాచుకున్న గోడకి మాత్రం చరిత్ర వచ్చింది. మాకు మిగిలింది ఈ మేడ ఒక్కటేనండి."

చివరి మాట దగ్గర అతని గొంతు జీరబోయింది. అది నటన కాదని అమీనాకి అర్థమైంది. పోగొట్టుకున్నవాడి గొంతు ఆమెకి కొత్తేమీ కాదు. కానీ పోగొట్టుకున్నవాడికి ఇంకొకళ్ళది పోగొట్టే హక్కు ఎక్కడిదని మాత్రం అనుకుంది.

ఆమె వంతు వచ్చింది. బల్ల మీద పరుపు గుడ్డ విప్పి పరిచింది. దాని నిండా కాగితాలు గుండుసూదులతో వరసగా గుచ్చి ఉన్నాయి. టీసీలు, ఎస్సెస్సెల్సీ పుస్తకాలు, పెన్షను కాగితాలు, ఇన్సూరెన్సు బాండ్లు, ఎవరో మిల్లులో ఉద్యోగం చేసినప్పటి గుర్తింపు కార్డు. మొత్తం నలభై ఒకటి.

"వీటిల్లో పుట్టిన తేదీలు మీరే పైకి చదవండమ్మా," అంది.

ప్రసన్నలక్ష్మి కళ్ళజోడు సర్దుకుంది. "షేక్ ఇమాం సాహెబ్. తొమ్మిది, పదకొండు, ఇరవై తొమ్మిది. రత్నకుమారి. తొమ్మిది, పదకొండు, నలభై తొమ్మిది. రామలక్ష్మి. తొమ్మిది, పదకొండు..." ఆగి, తల ఎత్తి అమీనా వంక చూసింది. మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.

అయిదో కాగితానికి షామియానా కింద నవ్వులు మొదలయ్యాయి. ఎవరో "కేకు తెప్పించండ్రా" అన్నారు. పన్నెండో కాగితానికి నవ్వులు తగ్గాయి. ఇరవై దాటేసరికి ఆవిడ గొంతు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. సంవత్సరాలు మారుతున్నాయి. రోజూ, నెలా మారడం లేదు. హిందువులు, ముస్లిములు, ఇద్దరు క్రైస్తవులు, తండ్రి, కూతురు, అత్త, కోడలు, అందరూ నవంబరు తొమ్మిదినే పుట్టారు.

"ఏమిటమ్మా ఇది?" అంది ప్రసన్నలక్ష్మి.

అమీనా చెప్పింది. బర్మాలో మనిషికి పుట్టిన వారం ముఖ్యం. తేదీ ఎవరూ పట్టించుకోరు. వారాన్ని బట్టే అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో జంతువు గుర్తు. ఇరుగుపొరుగు బర్మీయుల్ని చూసి మనవాళ్ళకీ అదే అలవాటైంది. విశాఖ రేవులో ఓడ దిగి, రైల్లో ఇక్కడికి వచ్చిన రోజు గుమస్తాగారు ఒక్కొక్కళ్ళనీ పుట్టిన తేదీ అడిగాడు. ఒకాయన బుధవారం అన్నాడు. ఒకావిడ శనివారం అంది. తేదీ అడుగుతుంటే వారం చెబుతారేమిటని గుమస్తాగారు తల పట్టుకున్నాడు. చివరికి వయసు అడిగి సంవత్సరం లెక్కగట్టి, రోజూ నెలా ఉండాల్సిన చోట రిజిస్టరులో అందరికీ ఆ రోజు తేదీయే వేసేసి, తలా ఒక చీటీ ఇచ్చాడు. ఆ చీటీ చూపిస్తేనే బడిలో చేర్చుకున్నారు, బడి కాగితం చూసి ఉద్యోగాలిచ్చారు. తర్వాత ఇళ్ళ స్థలాలు ఇచ్చినప్పుడు చీటీలు వెనక్కి తీసేసుకున్నారు. తేదీ మాత్రం మనుషుల్ని పట్టుకుని ఉండిపోయింది.

"నన్నూ అడిగాడమ్మా. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మంగళవారం, సింహం అన్నాను. కాగితంలో పడ్డ తేదీ చూస్తే గురువారం అవుతుంది. గురువారానికి ఎలుక. సింహంలా ఓడెక్కి, ఎలుకలా దిగాను."

ప్రసన్నలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడ నవ్వేసరికి ముసలివాళ్ళంతా నవ్వారు. అమీనా మాత్రం నవ్వలేదు.

"రాజుగారు రిజిస్టరు ఎప్పుడూ లేదంటున్నారు. లేని రిజిస్టరులో ఈ నలభై ఒక్క మందికి ఒకే తప్పు ఎలా పడుతుందండీ? మమ్మల్ని కన్నది మా అమ్మలే గానీ, ఈ దేశంలో కాగితం మీద మేం పుట్టింది ఈ మేడలో. అందరం ఒకే రోజు. పుట్టిన ఇల్లు పడగొడతామంటే ఊరుకోం. ఆ పొక్లెయిన్ ముందుకి రావాలంటే ముందు మా కుర్చీలు జరపాలి. మేం జరగం."

ముసలివాళ్ళ వరస కదిలింది. ఇమాం సాహెబ్ కర్ర ఊతంతో లేచి, తన కుర్చీని తనే ఈడ్చుకుంటూ వెళ్ళి గేటుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. రత్నకుమారి ఆయన పక్కన వేసుకుంది. ఎవరూ కేకలు వెయ్యలేదు. కుర్చీ కాళ్ళు కంకర మీద గీసుకునే చప్పుడు ఒక్కటే వినిపించింది. పొక్లెయిన్ డ్రైవరు బీడీ పారేసి కిందికి దిగి, తన మజ్జిగ పేకెట్ తీసుకెళ్ళి చివర కూర్చున్న ముసలమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడకి అందలేదని అతనొక్కడే గమనించాడు.

వెంకట్రాజు తొణకలేదు. "బాగా చెప్పారండి అమీనాగారూ. ఒక గుమస్తా తప్పు రాశాడు. ఒప్పుకున్నాను. ఆ గుమస్తా రేకుల షెడ్డులో కూర్చుని రాసి ఉండొచ్చు కదండి? తేదీ తప్పయితే మేడకి చరిత్ర ఎలా వస్తుంది?"

అధికారి కలం కాగితం మీద ఆగింది. "ఆ ప్రశ్నకి జవాబు కావాలమ్మా," అంది అమీనాతో, కాస్త కష్టంగానే. "తేదీ రుజువైంది. చోటు రుజువు కాలేదు."

నలభై మూడేళ్ళుగా తనకి తెలిసిన సంగతికి ఎవరైనా రుజువు అడుగుతారని అమీనా ఎన్నడూ అనుకోలేదు. కళ్ళు మూసుకుని ఆ రోజుని మళ్ళీ చూసుకుంది. చూసింది చూసినట్టు చెప్పింది. మేడ మెట్ల కింద బల్ల. గుమస్తాగారు ఎడమ చేత్తో రాసేవాడు. కుర్చీకి ఒక కాలు పొట్టి, దాని కింద చెక్కముక్క పెట్టుకున్నాడు. పైన గంట కొట్టినప్పుడల్లా బల్ల మీద సిరాబుడ్డి వణికేది. అది పడిపోకుండా ఆయన అరచేయి అడ్డం పెట్టేవాడు. ఎవరో ఒక తల్లి ఒళ్ళో పసివాడు ఏడుస్తుంటే, ఆవిడ పాలివ్వడానికి వీలుగా ఆయన కుర్చీ తిప్పేసుకుని, గోడ వైపు మొహం పెట్టి రాశాడు. తన కేరేజీ మూతలో సగం టీ పోసి అమీనాకి ఇచ్చాడు. ఈ దేశంలో ఆమె మొదట తాగింది ఆ టీ.

"ఆయన పేరు?"

"తెలీదమ్మా. గుమస్తాగారూ అనేవాళ్ళం."

"మీరు చెప్పింది నేను నమ్ముతాను. కానీ నేను నమ్మితే సరిపోదు," అంది ప్రసన్నలక్ష్మి. "మీ తరఫు కాని మనిషి ఎవరైనా ఆ మాట చెప్పాలి."

కారు తలుపు తెరుచుకుంది.

మొదట ఒక కర్ర దిగింది, తర్వాత ఒక కాలు. వెంకట్రాజు చటుక్కున అటు నడిచాడు. "నాన్నగారూ, ఎండగా ఉందండి. కూర్చోండి, సంతకం అక్కడికే తెస్తారు," అన్నాడు. బుల్లిరాజు కొడుకు చెయ్యి పట్టుకోలేదు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ షామియానా కిందికి వచ్చాడు. అధికారి బల్ల దాటాడు. అమీనా ఎదురుగా ఆగాడు. ఆయన కర్ర ఎడమ చేతిలో ఉంది.

"గంట కొట్టినప్పుడు సిరాబుడ్డి వణికేది బురుజు కింద కాబట్టి. షెడ్డులో వణకదు," అన్నాడు. ఆ మాట అధికారితో అన్నా, చూపు మాత్రం అమీనా మీదే ఉంది. "మంగళవారం, సింహం అన్న పిల్లవి నువ్వేనా అమ్మా?"

అవునని అమీనా తల ఊపింది.

"నాకు ఆ ఉద్యోగం కొత్త. తేదీ గడి ఖాళీగా ఉంటే కాగితం వెనక్కి వచ్చేస్తుంది, కాగితం వెనక్కి వస్తే మీకు బియ్యం రావు. అందుకని వేసేశాను. తప్పని తెలిసే వేశాను. దాని వెనక నలభై మూడేళ్ళు నడుస్తారనుకోలేదు." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "మేడ తర్వాత వేలంలో కొన్నాను. మేడమ్‌గారూ, రాసుకోండి. ఇక్కడే, ఆ మెట్ల కిందే. ఆ రిజిస్టరు నేనే రాశాను. ఇంకా నా దగ్గరే ఉంది."

ప్రసన్నలక్ష్మి రాసుకుంది. రాస్తూనే, రిజిస్టరు లేదని కొడుకు ప్రమాణం చేశాడని, ఉందని తండ్రి అంటున్నాడని, రెండు మాటల్లో ఏది నిలబడాలన్నా వస్తువు తన బల్ల మీదికి రావాలని చెప్పింది. అప్పటిదాకా మేడ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదంది. "రేపు పొద్దున్న పదింటి దాకా ఆగుతాను. రిజిస్టరు ఎక్కడుందండీ?"

"లంకలో మా ఇంట్లో, అటక మీద ట్రంకు పెట్టెలో."

ఆ మాట అనగానే వెంకట్రాజు ముఖంలో రంగు మారింది. తండ్రి అది చూడలేదు. ఆయన అమీనా వైపు ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"ఆ పెట్టెలో నీవి కూడా ఉన్నాయమ్మా. నాలుగు ఉత్తరాలు. బర్మా స్టాంపులవి. మీ అమ్మగారి పేరు మీద ఈ మేడకే వచ్చాయి."

షామియానా గుడ్డ గాలికి ఒకసారి పైకి లేచి దిగింది. గేటు దగ్గర పోస్టుమాన్ సైకిలు గంట కోసం తల్లి చెవి ఒగ్గి నిలబడే తీరు అమీనా కళ్ళ ముందు మెదిలింది. ఉత్తరాలు వచ్చాయన్నమాట. నాన్న రాశాడన్నమాట. ఒకటి కాదు, నాలుగు.

"ఎందుకు ఇవ్వలేదు?" అంది. అరవలేదు. ఆ ప్రశ్న అరిచి అడగవలసినదయినా అరవలేదు.

బుల్లిరాజు నోరు తెరిచాడు. అంతలో వెనక కారు స్టార్టయింది. వెంకట్రాజు తండ్రి వంక గానీ, అధికారి వంక గానీ చూడలేదు. గేటుకి అడ్డంగా ఉన్న కుర్చీల దగ్గర మర్యాదగా హారన్ కూడా కొట్టకుండా, పక్కనున్న చిన్న గేటు వైపు కారు తిప్పి రోడ్డెక్కాడు. ఏలూరు వైపు మళ్ళిన ఆ కారుని ముసలాయన చూస్తూ నిలబడ్డాడు. తనని ఇక్కడ వదిలేసి కొడుకు ఎక్కడికి వెళుతున్నాడో, ఆ పెట్టె ముందుగా ఎవరి చేతిలో పడబోతోందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రసన్నలక్ష్మి జీపు తాళాల కోసం వెతికింది. అధికారి ఒక పక్షం మనిషిని జీపులో ఎక్కించుకోకూడదని ఆవిడకే గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అమీనా బుల్లిరాజుకి తన కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. ఆయన మీద కోపం పొంగుతూనే ఉంది. అయినా ఆ చేతులు ఆ పని వాటంతట అవే చేశాయి. మజ్జిగ పేకెట్ అంచు చింపి ఆయన చేతికిచ్చింది.

"ఎందుకు ఇవ్వలేదో తర్వాత చెబుదురు గానీ. ముందు ఇది చెప్పండి. కారు కంటే ముందు మీ ఇల్లు చేరే దారి ఉందా అండీ?"

ఆయన ఆలోచించాడు. "కారు ఏలూరు మీదుగా కైకలూరు చుట్టి రావాలమ్మా. గట్టు మీద దగ్గర రోడ్డు పేలుళ్ళలో పోయింది. నువ్వు నిడమర్రు దాకా ఆటోలో వెళ్ళి, అక్కణ్ణుంచి దోనెలో కొల్లేరు దాటితే ముందే చేరతావు. రేవులో మా దోనె కట్టేసి ఉంటుంది. కానీ ఈ వేళప్పుడు గెడ వేసి దోనె నడిపేవాడు దొరకడు."

అమీనా పరుపు గుడ్డని మడిచి రత్నకుమారి ఒళ్ళో పెట్టింది. చీర కొంగు నడుముకి బిగించింది.

"గెడ వేసేవాడు దేనికండీ," అంది. "కాగితంలో ఈ మేడలో పుట్టాను గానీ, మా అమ్మ నన్ను కన్నది ఐరావతి నది పాయ ఒడ్డున, పడవల మధ్య."